క్రాంక్‌షాఫ్ట్‌పై ఆయిల్ సీల్ కూర్చునే చోటు అరిగితే: ఇంజిన్ రీబిల్డ్‌లో దాన్ని సరిచేసే పద్ధతి

ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి బిగించిన బండి పది రోజులు తిరక్కముందే క్లచ్ చాంబర్ కింద నూనె చుక్కలు రాలుస్తుంటే, అందరూ ముందుగా నిందించేది కొత్తగా వేసిన ఆయిల్ సీల్‌నే, అంటే క్రాంక్‌షాఫ్ట్ చివర నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాన్నే. గేర్‌బాక్స్ మళ్లీ దింపుతారు, మరో సీల్ వేస్తారు, అదీ కారుతుంది. చెన్నై అంబత్తూరులో డీజిల్ ఇంజిన్లు రీబిల్డ్ చేసే మా షెడ్డుకు నెల్లూరు, సూళ్లూరుపేట, తడ వైపు నుంచి వచ్చే లారీలలో ఇలా రెండు మూడు సీళ్లు మార్చాక వచ్చినవి తక్కువేమీ కాదు. వాటిలో చాలావాటికి సీల్‌లో ఏ లోపమూ ఉండదు. ఆ సీల్‌కు ఆనుకుని తిరిగే క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) ఉపరితలం పాడై ఉంటుంది. ఇంజిన్ విప్పి క్రాంక్ బయట పెట్టుకున్నప్పుడే ఆ చోటును సరిచేసుకోవడం సులువు, చవక; బిగించాక గుర్తుకొస్తే పని అంతా మొదటికి వస్తుంది. కాబట్టి ఈ పనిని రీబిల్డ్‌లో ఒక విడి దశగా పెట్టుకుని, కొలత నుంచి పరీక్ష వరకు వరుసగా చేయాలి.

గట్టి ఉక్కును మెత్తని రబ్బరు ఎలా కోస్తుంది

సీల్ లోపలి పలుచని అంచును మన వర్క్‌షాపుల్లో లిప్ అనే అంటాం. దాని వెనుక సన్నని స్ప్రింగు చుట్టి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు లిప్ షాఫ్ట్‌ను నేరుగా తాకదు. రెండింటి మధ్య మైక్రాన్లలో చెప్పదగినంత పలుచటి నూనె పొర నిలుస్తుంది. లిప్‌కు నూనె వైపు వాలు నిటారుగానూ, గాలి వైపు వాలు తక్కువగానూ ఉంటుంది కనుక, తిరిగే షాఫ్ట్‌పై ఆ అంచు బయటికి జారబోయే నూనెను మళ్లీ లోపలికే నెడుతూ ఉంటుంది. అంటే ఆయిల్ సీల్‌ను ఒక అడ్డుగోడ అనుకోకూడదు, అది నిరంతరం పనిచేసే చిన్న పంపు. సీల్‌ను తిరగేసి బిగిస్తే ఎంత కొత్తదైనా కారడానికి కారణం ఇదే.

ఇక గాడి సంగతి. బయటి దుమ్ము, నూనెలోని మసి, లోహపు పొడి రేణువులు మెత్తని లిప్‌లో గుచ్చుకుని అక్కడే నిలిచిపోతాయి. అప్పటి నుంచి ఆ లిప్ ఒక సన్నని ఎమరీ పట్టీలా, లక్షల కిలోమీటర్ల పాటు ఒకే వలయంపై ఉక్కును రాస్తూ ఉంటుంది. వేడికి రబ్బరు గట్టిపడితే ఒత్తిడి పెరిగి గాడి ఇంకా త్వరగా లోతవుతుంది. వేగం కూడా తక్కువేమీ కాదు. 80 మి.మీ. వ్యాసమున్న షాఫ్ట్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే లిప్ కింద ఉపరితలం సెకనుకు సుమారు 16.8 మీటర్ల వేగంతో జారుతుంది.

మన ఊరికి మరొక కారణం కూడా ఉంది. సముద్రపు గాలికి, తేమకు, నూనె పూయకుండా వదిలేసిన క్రాంక్‌పై తుప్పు త్వరగా పడుతుంది. 2015 డిసెంబరు వరదలలో నీళ్లలో మునిగిన బండ్ల ఇంజిన్లు విప్పినప్పుడు, సరిగ్గా లిప్ ఆనుకున్న గీత పొడవునా సూదితో పొడిచినట్టు తుప్పు గుంటలు కనిపించాయి. లిప్‌కూ షాఫ్ట్‌కూ మధ్య ఆ సన్నని సందులో చేరిన నీరు తొందరగా ఆరదు. ఇలాంటి గుంటలు గాడి కంటే మొండివి, ఎందుకంటే ఒక్కొక్క గుంటా లిప్ కింద నుంచి నూనెను గుక్కెడు గుక్కెడుగా బయటికి దాటిస్తుంది.

విప్పక ముందే తేల్చుకోవలసినవి

క్లచ్ చాంబర్‌లో నూనె ఉన్నంత మాత్రాన వెనుక సీల్‌దే తప్పని అనుకోకూడదు. రాకర్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, బ్లాక్ వెనుక ఉండే క్యామ్ ప్లగ్, ఆయిల్ గ్యాలరీ ప్లగ్ వీటిలో దేని నుంచి కారినా నూనె కిందికి జారి అక్కడికే చేరుతుంది. కారిన నూనెకు గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచి వచ్చిందని అర్థం. కొన్ని ఇంజిన్లలో ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే పెట్టె) లోపలికి తెరుచుకుని ఉంటాయి. బోల్టు మరలకు సీలెంట్ పూయకపోతే అచ్చం వెనుక సీల్ కారినట్టే కనిపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది క్రాంక్‌కేస్‌లోని ఒత్తిడి. రింగులు అరిగి బ్లో బై (రింగుల పక్కగా కిందికి తప్పించుకునే పొగ) పెరిగినా, ఆ గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయినా లోపలి గాలి దారి వెతుక్కుంటుంది, ఆ దారి తరచుగా సీల్ లిప్ కిందే దొరుకుతుంది. డిప్‌స్టిక్ గొట్టానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, దాన్ని ఆంగ్ల యు అక్షరంలా వంచి సగం వరకు నీళ్లు పోసి ఇంజిన్ నడిపితే రెండు వైపుల నీటిమట్టాల తేడా ఎంతో కంటికే కనిపిస్తుంది. ఆ తేడాను ఇంజిన్ మాన్యువల్ చెప్పిన హద్దుతో పోల్చుకోవాలి. ఒత్తిడి అలాగే ఉంచి షాఫ్ట్‌కు ఎంత మంచి స్లీవ్ (అరిగిన చోటును కప్పే లోహపు తొడుగు) తొడిగినా అది వృథా ఖర్చే.

మెయిన్ బేరింగుల సందు, క్రాంక్ ముందుకూ వెనుకకూ కదిలే ఎండ్ ప్లే మాన్యువల్ హద్దు దాటి ఉన్నా అంతే. షాఫ్ట్ ఊగుతుంటే లిప్ దాన్ని వెంబడించలేదు. ఆ పనులన్నీ ముందు ముగించి, ఆ తరువాత సీల్ కూర్చునే చోటు దగ్గరకు రావాలి.

కొలత: గోరు చెప్పేది, మైక్రోమీటర్ చెప్పేది

పాత సీల్ తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన షాఫ్ట్‌కు తగలకుండా చూసుకోవాలి. సీల్‌కు రెండు చిన్న రంధ్రాలు చేసి, స్క్రూలు ఎక్కించి లాగితే ఆ ప్రమాదం ఉండదు. ఇంజిన్ నిప్పంటుకున్నదైతే, మాడిన వైటాన్ (ఫ్లోరిన్ ఉన్న రబ్బరు) సీల్‌ను వట్టి చేతులతో ముట్టుకోకండి. మితిమీరిన వేడికి విచ్ఛిన్నమైన ఆ పదార్థం నుంచి చర్మాన్ని లోతుగా కాల్చే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వస్తుంది. పాత ఇంజిన్లలోని తాడు సీల్‌లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక దాన్ని పొడిగా బ్రష్‌తో రుద్దకుండా తడిపి తీయాలి.

క్రాంక్‌ను కిరోసిన్‌తో కడిగి, థిన్నర్‌తో తుడిచి, వెలుతురులో పెట్టి చూడండి. సీల్ తిరిగిన చోట మెరిసే వలయం ఒకటి కనిపిస్తుంది. దాని మీదుగా, షాఫ్ట్ పొడవు దిశలో, గోరును నెమ్మదిగా జరపండి. గోరు ఎక్కడా ఆగకపోతే అది కేవలం నునుపు గీత. దానికి పెద్ద పని అక్కరలేదు. గోరు తట్టుకుంటే కొలవాలి. గాడి పక్కన అరగని చోట మైక్రోమీటర్‌తో మూడు దిశల్లో వ్యాసం తీసుకుని సగటు రాసుకోండి, ఎందుకంటే షాఫ్ట్ గుండ్రదనం కొంత తప్పి ఉండవచ్చు. ఆపైన పలుచని మొన ఉన్న బ్లేడ్ మైక్రోమీటర్‌తో గాడి అడుగున కొలవండి. రెండింటి తేడాలో సగం గాడి లోతు. ఉదాహరణకు, పక్కన 79.98 మి.మీ., గాడిలో 79.72 మి.మీ. ఉంటే లోతు 0.13 మి.మీ. అవుతుంది.

ఇదే సమయంలో గాడి మధ్యభాగం క్రాంక్ చివరి ముఖం నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో వెర్నియర్‌తో కొలిచి గోడమీదైనా సరే రాసిపెట్టుకోండి. తరువాత ప్రతి అడుగులోనూ ఈ అంకె కావలసి వస్తుంది.

ఏ దారి ఎంచుకోవాలి

సీల్ తిరిగే ఉపరితలానికి జర్మన్ ప్రమాణం డిన్ 3760 మూడు విషయాలు అడుగుతుంది. ఉపరితలపు గరుకుదనం ఆర్.ఎ. (సగటు ఎత్తుపల్లాల) కొలతలో 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలి. గట్టిదనం రాక్‌వెల్ సి స్కేల్‌పై కనీసం 45, సెకనుకు 4 మీటర్ల వేగం దాటితే 55 ఉండాలి. వ్యాసం హెచ్ 11 హద్దుల్లో ఉండాలి, 80 మి.మీ. షాఫ్ట్‌కు అది 80.00 నుంచి 79.81 వరకు అన్నమాట. మీ ఇంజిన్ మాన్యువల్ ఇంతకంటే ఇరుకైన హద్దు చెబితే దాన్నే పాటించాలి. గరుకుదనానికి కింది హద్దు కూడా ఉండటం చాలామందికి వింతగా అనిపిస్తుంది. అద్దంలా మెరిసే ఉపరితలంపై నూనె పొర నిలవదు, లిప్ పొడిగా రాసుకుని కాలిపోతుంది.

గోరు తట్టుకోనంత తేలిక గీతలకు పాలిష్ చాలు. క్రాంక్‌ను లేత్‌పై రెండు సెంటర్ల మధ్య పట్టించి, సీల్ తిరిగే చోటు కంటే వెడల్పైన 400 నంబరు ఎమరీ పట్టీని నూనెలో తడిపి, తిరుగుతున్న షాఫ్ట్‌పై నిటారుగా ఆనించాలి. పట్టీని పక్కకు, అంటే షాఫ్ట్ పొడవు దిశలో, వెంట్రుకవాసి కూడా జరపకూడదు. ఎందుకు జరపకూడదో కింద దారం పరీక్ష దగ్గర వివరిస్తాను. పని మొదలుపెట్టేముందు మెయిన్ జర్నల్స్‌నూ (మెయిన్ బేరింగుల్లో తిరిగే నునుపు భాగాలు) నూనె రంధ్రాలనూ టేపుతో మూసుకోవడం మరవకండి.

కొంచెం లోతైన గాడిని గ్రైండింగ్‌తో తీసేయవచ్చు గాని, లెక్క చూసుకోవాలి. 0.05 మి.మీ. లోతు గాడి పోవాలంటే వ్యాసంలో 0.10 మి.మీ. తీయాలి, 79.98 నుంచి 79.88కి వస్తుంది, ఇది హద్దులోనే ఉంది. కాని పైన చెప్పిన 0.13 మి.మీ. గాడిని తీస్తే 79.72కి దిగుతుంది, సీల్ పట్టు సడలుతుంది. ఈ లెక్క వేయకుండా గ్రైండింగ్‌కు పంపిన క్రాంక్‌లే తరువాత మరింత ఖర్చు తెచ్చిపెడతాయి.

గాడి ఒకటే ఉండి పక్కన ఉపరితలం చక్కగా ఉంటే సీల్‌నే రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి బిగించవచ్చు. సీల్ ఇంటిలో, అంటే సీల్‌ను దించి బిగించే గుంటలో, అంత లోతు ఉండాలి, నూనె వెనక్కి దిగే రంధ్రం మూసుకుపోకూడదు, దుమ్ము ఆపే రెండో లిప్ పాత గాడిలో పడకూడదు. ఈ మూడూ కుదిరితే ఇంతకంటే చవకైన మార్గం లేదు. నేను ముందుగా చూసేది దీనినే. తుప్పు గుంటలు వెడల్పుగా వ్యాపించిన క్రాంక్‌కు మాత్రం ఇది పనికిరాదు.

గ్రైండింగ్ హద్దు దాటిన గాడికి, సీల్ జరపడం కుదరని చోట, పలుచని స్టెయిన్‌లెస్ స్లీవ్ సరైన మందు. రిపేరులో ఎక్కువగా చేసేది ఇదే కనుక విడిగా, విపులంగా చెబుతాను.

గాడి మరీ లోతై, షాఫ్ట్ ముక్కలు ఊడినంత పాడైతే మందపాటి ఉక్కు స్లీవ్ తయారు చేయించి వేడిచేసి ఎక్కించాలి. షాఫ్ట్‌ను, ఉదాహరణకు, 76 మి.మీ.కు తగ్గించి, దానికంటే 0.05 మి.మీ. చిన్న రంధ్రమున్న స్లీవ్ చేయిస్తే, దాన్ని గది వేడి కంటే 150 డిగ్రీలు ఎక్కువ వేడి చేసినప్పుడు రంధ్రం సుమారు 0.14 మి.మీ. పెరిగి చేతితోనే జారి కూర్చుంటుంది, చల్లారాక బిగుసుకుంటుంది. చివరి గ్రైండింగ్ మాత్రం స్లీవ్ ఎక్కాక, మెయిన్ జర్నల్స్‌కు కేంద్రం కలిసేలా చేయాలి. షాఫ్ట్ తగ్గించే ముందు ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలకూ కొత్త ఉపరితలానికీ మధ్య ఎంత లోహం మిగులుతుందో చూసుకోకపోతే పగులు మొదలయ్యేది అక్కడే.

హార్డ్ క్రోమ్ పూత గట్టిదే, చాలా కాలం నిలుస్తుంది. అయితే పూత సమయంలో ఉక్కులోకి చేరే హైడ్రోజన్ లోహాన్ని పెళుసుబారుస్తుంది కనుక, పూత వేశాక 200 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచారా అని అడిగి తెలుసుకోవాలి. మెటల్ స్ప్రే కూడా చేయించవచ్చు. వెల్డింగ్ పోసి నింపడాన్ని నేను క్రాంక్ విషయంలో సమర్థించను. ఆ వేడికి షాఫ్ట్ వంగితే మెయిన్ జర్నల్స్ అన్నీ మళ్లీ సరిచేయాల్సి వస్తుంది.

ఒక్కోసారి ఇవేవీ కాక, చెన్నైలో పాత బండి భాగాలు అమ్మే పుదుపేటలో మంచి పాత క్రాంక్ దొరకడమే మేలు. అక్కడ కొనేటప్పుడు జర్నల్స్ మాత్రమే కాక సీల్ తిరిగిన వలయంపై కూడా గోరు ఆడించి చూడండి.

పలుచని స్లీవ్ తొడిగే వరుస

ఎస్.కె.ఎఫ్. వారి స్పీడీ స్లీవ్ ఈ రకంలో అందరికీ తెలిసినది. దాని గోడ మందం 0.28 మి.మీ. మాత్రమే. అంటే షాఫ్ట్ వ్యాసం అరమిల్లీమీటరుకు కాస్త ఎక్కువ పెరుగుతుంది, అంత తేడాను మామూలు రబ్బరు లిప్ తట్టుకుంటుంది కనుక పాత కొలత సీలే వాడవచ్చు. కమిన్స్, క్యాటర్‌పిల్లర్ వంటి భారీ డీజిల్ ఇంజిన్లకు సీల్, వేర్ స్లీవ్ కలిపిన కిట్లే దొరుకుతాయి. వాటిలోని సీల్ ఆ స్లీవ్ కొలతకే చేసినది కనుక రెండింటినీ విడదీసి వాడకూడదు. స్లీవ్ కొనడానికి చెన్నైలో విడిభాగాల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లే ముందు చేతిలో ఉండవలసినది బండి పేరు కాదు, మీరు మూడు దిశల్లో కొలిచిన సగటు వ్యాసం. ప్రతి స్లీవ్ పెట్టెపై అది సరిపోయే షాఫ్ట్ వ్యాసపు హద్దులు ముద్రించి ఉంటాయి. మీ అంకె ఆ హద్దుల్లో ఉంటే స్లీవ్ బిగుతుగానే కూర్చుంటుంది, జిగురు అక్కరలేదు. ఒక్క నంబరు పెద్దది తెచ్చి జిగురుతో సరిపెట్టడం మాత్రం వద్దు. తిరిగే వేడిలో అది వదులై స్లీవ్ షాఫ్ట్‌పై జారుతుంది.

ముందుగా గాడి అంచుల్లో లేచిన మొనలను సన్నని ఆకురాయితో చదును చేయండి. గాడి లోతు తక్కువైతే అలాగే వదిలేయవచ్చు. 0.15 మి.మీ. దాటిన గాడిని లోహపు పొడి కలిసిన ఎపాక్సీతో నింపాలి, లేకపోతే పలుచని స్లీవ్‌కు కింద ఆధారం లేక లిప్ ఒత్తిడికి అక్కడే లోపలికి నొక్కుకుంటుంది. నింపే ముందు గాడిని థిన్నర్‌తో రెండుసార్లు తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆగకండి. ఎపాక్సీ పూసి, చదునైన ప్లాస్టిక్ ముక్కతో షాఫ్ట్ మట్టానికి గీకి, అది గట్టిపడక ముందే స్లీవ్ ఎక్కించాలి. గట్టిపడ్డాక ఎక్కిస్తే చిన్న గడ్డ కూడా స్లీవ్‌ను ఉబ్బిస్తుంది, ఆ ఉబ్బును తరువాత తీయలేం.

స్లీవ్‌కు ఒక చివర బయటికి మడిచిన అంచు ఉంటుంది. ఆ అంచు ఉన్న వైపే ముందుగా షాఫ్ట్‌పైకి వెళ్లాలి. పెట్టెలో వచ్చే టోపీలాంటి పనిముట్టును దానిపై పెట్టి, సరిగ్గా మధ్యలో, చిన్న చిన్న దెబ్బలతో కొట్టాలి. పక్కన పడ్డ ఒక్క దెబ్బకు స్లీవ్ వంకరపోతుంది. ముందు రాసి ఉంచిన దూరాన్ని షాఫ్ట్‌పై మార్కర్‌తో గుర్తు పెట్టుకుని, గాడి మధ్యభాగం స్లీవ్ మధ్యన పడేదాకా తీసుకెళ్లాలి. చివరిదాకా కొట్టేస్తే అయిపోయినట్టే అనుకోవడం, షాఫ్ట్ అంచుకు సమంగా ఆపేయడం, రెండూ పొరపాట్లే. గాడి ఎక్కడ ఉందో స్లీవ్ అక్కడ ఉండాలి. స్లీవ్‌ను వేడి చేసి ఎక్కించవద్దు. ఇంత పలుచని రేకు వేడికి పెరిగాక చల్లారినా పూర్తిగా పాత కొలతకు రాకపోవచ్చు, అప్పుడు బిగుతు పోతుంది.

మడత అంచు పక్క భాగాలకు తగలకపోతే అలాగే ఉంచేయండి. తగులుతుంటే కటింగ్ ప్లయర్‌తో ఒకచోట తుంచి, ముందే చేసి ఉన్న గీత వెంబడి డబ్బా మూత లాగినట్టు చుట్టూ లాగేయాలి. ఆ తరువాత స్లీవ్‌పై వేలి కొసను చుట్టూ ఆడించి చూడండి. గీత తగిలినా, చివర పదునైన మొన ఉన్నా దాన్ని తీసేసి కొత్తది వేయడమే దారి. స్లీవ్‌ను ఎమరీతో బాగుచేయలేం, ఎందుకంటే ఆ ఉపరితలం ఇంజిన్‌కు కావలసిన గరుకుదనంతోనే, స్క్రూ మరలా ఏ వైపుకూ వాలని గీతలతో తయారై వచ్చింది.

క్రాంక్ ముందు చివర ఉండే సీల్ విషయం దీనికంటే తేలిక. చాలా ఇంజిన్లలో అది క్రాంక్‌పై కాక పుల్లీ మెడపై తిరుగుతుంది కనుక పుల్లీనే మార్చవచ్చు, లేదా బెంచిపై పెట్టి దానికి స్లీవ్ వేయవచ్చు. కీ గాడి వెంబడి నూనె ఊరకుండా అక్కడ కాస్త సిలికాన్ సీలెంట్ పెట్టడం మరవకండి.

దారం పరీక్ష

ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం ఇది. కొన్నేళ్ల కిందట ఒక లారీ క్రాంక్‌ను పాలిష్ కోసం బయటి మెషిన్ షాపుకు పంపాను. తిరిగి వచ్చినప్పుడు సీల్ తిరిగే చోటు వెండిలా మెరుస్తోంది, గోరు ఎక్కడా తట్టుకోవడం లేదు, కొలతలు హద్దులోనే ఉన్నాయి. సంతోషంగా బిగించాను. మూడు రోజులకు నూనె కారింది. గేర్‌బాక్స్ దింపి మరో సీల్ వేశాను, అదీ కారింది. లారీ యజమాని, నెల్లూరు నుంచి వచ్చిన పెద్దాయన, మా షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని, “ఏం అన్నా, కొత్త సీల్ కూడా నిలవదా?” అని అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. రెండోసారి క్రాంక్ బయటికి తీసి, భూతద్దం కింద చూస్తే అసలు సంగతి తెలిసింది. పాలిష్ చేసినవారు ఎమరీ పట్టీని తిరుగుతున్న షాఫ్ట్‌పై ఒక చివర నుంచి మరో చివరకు జరుపుతూ రుద్దారు. కంటికి కనిపించని గీతలన్నీ స్క్రూ మరలలా ఏటవాలుగా పడ్డాయి. ఇంజిన్ తిరిగే దిశకు అవి నూనెను పద్ధతిగా బయటికి తోడుతున్నాయి. సీల్ లోపలికి పంపు చేస్తుంటే, షాఫ్ట్ బయటికి పంపు చేస్తోంది. ఆ పోటీలో షాఫ్టే గెలిచింది.

ఆనాటి నుంచి, ఎవరు గ్రైండింగ్ చేసినా, పాలిష్ చేసినా, దారం పరీక్ష చేయకుండా నేను క్రాంక్ బిగించడం లేదు. క్రాంక్‌ను లేత్‌పై రెండు సెంటర్ల మధ్య సరిగ్గా మట్టంగా పట్టించండి. సీల్ తిరిగే చోట పలుచని నూనె పూయండి. మైనం రాయని సన్నటి నూలు దారం ఒక కొసను షాఫ్ట్‌కు పైన స్థిరంగా కట్టి, దారాన్ని షాఫ్ట్ మీదుగా కిందికి దించి, రెండో కొసకు 30 గ్రాముల బరువు వేలాడదీయండి. షాఫ్ట్‌ను నిమిషానికి 20 చుట్లు మించకుండా తిప్పండి. దారం ఉన్నచోటే నిలిస్తే ఉపరితలం మంచిది. మెల్లగా ఒక పక్కకు నడిస్తే మరల గీతలు ఉన్నట్టు. ఇప్పుడు వ్యతిరేక దిశలో తిప్పండి. దారం కూడా వ్యతిరేక దిశలో నడిస్తే అనుమానం తీరిపోయినట్టే. రెండు దిశల్లోనూ ఒకే పక్కకు జరిగితే మాత్రం తప్పు గీతలది కాదు, షాఫ్ట్ మట్టంగా లేదు, లేదా ఒక చివర సన్నబడి ఉంది.

నూనె కూడా దారం నడిచిన వైపే నడుస్తుంది. ఇంజిన్ దిశలో దారం ఫ్లైవీల్ వైపు నడిస్తే కారడం ఖాయం. లోపలి వైపు నడిస్తే మేలు కదా అనిపిస్తుంది కాని, అప్పుడు లిప్ కింద నూనె చాలక రబ్బరు కాలుతుంది, బయటి దుమ్ము కూడా లోపలికి లాగబడుతుంది. ఏ వైపు నడిచినా పట్టీని కదపకుండా మళ్లీ నిటారుగా పాలిష్ చేసి, మళ్లీ దారం వేలాడదీయాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది తెలియక పాడుచేసినవారున్నారు. పాత అంబాసిడర్‌లోని 1,489 సి.సి. బి.ఎం.సి. పెట్రోల్ ఇంజిన్‌కు క్రాంక్ వెనుక లిప్ సీలే లేదు. షాఫ్ట్‌పై కావాలనే కోసిన మర గాడి నూనెను వెనక్కి తిప్పుతుంది. తాడు సీల్ ఉన్న పాత ఇంజిన్లలో కూడా షాఫ్ట్‌పై ఇలాంటి గరుకు అచ్చులు ఉండవచ్చు. అలాంటి చోట నునుపు చేయాలన్న ఉత్సాహంతో ఎమరీ పెట్టకండి. ఆ గీతలే అక్కడ సీల్ పని చేస్తాయి.

సీల్ బిగింపు

పాలిష్ అయిన క్రాంక్ నూనె రంధ్రాల్లో ఎమరీ పొడి చేరి ఉంటుంది. బ్రష్ దూర్చి, కిరోసిన్‌తో, గాలి ఒత్తిడితో ప్రతి రంధ్రాన్నీ కడగాలి. ఆ రోజే బిగించకపోతే నూనె పూసి, ప్లాస్టిక్ కవరు చుట్టి, క్రాంక్‌ను నిలువుగా నిలబెట్టండి. చెన్నై గాలిలో ఒక్క రాత్రి వట్టిగా వదిలేసినా, కష్టపడి సాధించిన ఆ ఉపరితలంపై మళ్లీ తుప్పు మచ్చలు చూస్తారు.

ఏ పదార్థపు సీల్ అన్నది తేల్చుకోండి. నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల వరకు బాగా పనిచేస్తుంది. టర్బో డీజిల్ వెనుక సీల్‌కు వైటాన్ మేలు. లిప్‌పై ఏటవాలు గీతలున్న సీళ్లకు తిరిగే దిశ బాణం గుర్తుతో ముద్రించి ఉంటుంది. ముందు సీల్‌ను వెనుక, వెనుక సీల్‌ను ముందు వేయకూడదన్నది ఇందువల్లే. రబ్బరు లిప్‌కు ఇంజిన్ ఆయిల్ పూసి ఎక్కించాలి. టెఫ్లాన్ లిప్ ఉన్న సీళ్లు దీనికి పూర్తిగా వేరు: చాలావాటిని షాఫ్ట్, సీల్ రెండూ పొడిగా ఉంచి, తయారీదారు ఇచ్చిన ప్లాస్టిక్ గైడ్‌తోనే ఎక్కించాలి, బిగించిన వెంటనే ఇంజిన్ నడపకుండా సూచించినంత సేపు ఆగాలి. వాటికి అలవాటు కొద్దీ నూనె పూయడం మంచి పనివాళ్లు కూడా చేసే పొరపాటు.

స్లీవ్ చివరను దాటేటప్పుడు లిప్ చిరగకుండా పాత ఎక్స్‌రే ఫిల్మును గొట్టంలా చుట్టి షాఫ్ట్‌పై పెట్టి, దాని మీదుగా సీల్‌ను జార్చండి. సీల్ ఇల్లు విడి ప్లేటుగా వచ్చే ఇంజిన్లలో, బోల్టులు పూర్తిగా బిగించే ముందు డయల్ గేజ్‌ను క్రాంక్ ఫ్లాంజ్‌కు అమర్చి, మొనను సీల్ ఇంటి లోపలి గోడపై ఆనించి ఒక చుట్టు తిప్పి చూడాలి. కేంద్రం తప్పి ఉంటే ప్లేటును చేతితో సర్ది, సూది కదలిక 0.1 మి.మీ. లోపలికి వచ్చాక బిగించండి. సీల్‌ను సరిపోయిన డ్రిఫ్ట్‌తో (సీల్‌పై పెట్టి కొట్టే గుండ్రటి పనిముట్టు) సమంగా దించి, నాలుగు చోట్ల వెర్నియర్‌తో లోతు కొలిచి, ఒక్కలా ఉన్నాయో లేదో చూడండి.

ఇంజిన్ మొదటిసారి నడిపినప్పుడు పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, కింద తెల్ల కాగితం పరచి చూడాలి. తరువాత పూర్తిగా వేడెక్కాక మరోసారి, నూరు కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి. బిగించేటప్పుడు పూసిన నూనె మొదటి గంటలో ఒకటి రెండు చుక్కలు రాల్చవచ్చు, దానికి కంగారుపడి గేర్‌బాక్స్ దింపకండి. చాంబర్ కింది రంధ్రాన్ని గుడ్డతో తుడిచి, మరుసటి రోజు బండి తిరిగి వచ్చాక అక్కడే వేలు పెట్టి చూడండి. పొడి దుమ్ము తప్ప మరేమీ అంటకపోతే గోడమీద రాసుకున్న కొలతలను ఆ బండి రికార్డు పుస్తకంలోకి ఎక్కించండి. స్లీవ్ నంబరు, గాడి దూరం, సీల్ లోతు ఆ పుటలో ఉంటే, మళ్లీ ఎప్పుడో ఆ గేర్‌బాక్స్ దింపే మనిషికి సీల్ ఏ లోతులో పెట్టాలో వెతుక్కునే పని ఉండదు.